మొవ్వ సీమలో ప్రణయ రచన

ఉద్దేశం

ప్రేమను వస్తువుగా స్వీకరించిన రచనను తేలికగా చూడటం పండితలోకంలో చాలాకాలంగా ఉన్న అలవాటు. అటువంటి రచననే జీవనవృత్తిగా ఎంచుకొని, ఒకే ఆస్థానానికో ఒకే సంస్థకో కట్టుబడకుండా సాగినవారి శ్రమ ఎటువంటిదో, వారి రచనావిధానం ఏమిటో, వారి రచనలను ఎవరు కాపాడారో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కృష్ణా డెల్టా దిగువ భాగంలో, మచిలీపట్నానికి పడమటి దిక్కున, వరిచేల నడుమ మొవ్వ గ్రామం ఉన్నది. దీనినే పూర్వం మువ్వ అనేవారు. వేణుగోపాలస్వామి ఆలయం ఈ ఊరికి గుర్తు. నాట్యకళకు పేరెన్నికగన్న కూచిపూడి ఈ మండలంలోనిదే. పదకవితకు పర్యాయపదంగా నిలిచిన క్షేత్రయ్య పేరు ఈ ఊరితో ముడిపడి ఉన్నది. అతని తరువాత దాదాపు మూడు వందల ఏళ్లకు, ఇదే మండలంలోని కాజ గ్రామంలో నవలా రచయిత్రి యద్దనపూడి సులోచనారాణి జన్మించారు. క్షేత్రయ్య రచన పదం; సులోచనారాణి రచన నవల. కాలం వేరు, ప్రక్రియ వేరు, జీవిక వేరు. అయినా స్త్రీ హృదయంలోని ప్రణయమే ఇద్దరికీ ప్రధాన వస్తువు. ఆ రచన మీదనే ఇద్దరూ కీర్తిని సంపాదించారు. ఆ రచన కారణంగానే ఇద్దరి కృషీ విమర్శకు గురి అయింది.

క్షేత్రయ్య పదిహేడవ శతాబ్దికి చెందినవాడు. అతని అసలు పేరు వరదయ్య అనీ, అనేక పుణ్యక్షేత్రాలను దర్శించి ఆయా క్షేత్రాల దైవాలపై పదాలు చెప్పినందున క్షేత్రయ్య అనే పేరు స్థిరపడిందనీ సంప్రదాయజ్ఞులు చెబుతారు. అతని మువ్వ మన కృష్ణాజిల్లా మొవ్వయేనా, దక్షిణాన ఉన్న మరొక ఊరా అనే చర్చ పండితులలో జరిగింది. ఏది ఏమైనా మొవ్వ ప్రజలు అతనిని తమవానిగానే భావిస్తూ వచ్చారు. ఆ కాలంలో కృష్ణా తీరమంతా గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. మచిలీపట్నం వారి ముఖ్యమైన రేవు. విజయనగర సామ్రాజ్యం బలహీనపడటంతో తెలుగు కవులకు, గాయకులకు, నర్తకులకు దక్షిణాన ఉన్న తంజావూరు, మధుర నాయకరాజుల కొలువులు ఆశ్రయమయ్యాయి. కళ చేతిలో ఉన్నవాడు కాలినడకన దూరతీరాలు చేరవలసిన రోజులవి.

క్షేత్రయ్య అలా తిరిగినవాడు. మధురలో తిరుమల నాయకుని పాలన 1623 నుండి 1659 వరకు సాగింది. తంజావూరులో విజయరాఘవ నాయకుడు 1673 వరకు రాజ్యం చేశాడు. గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్‌షా 1626 నుండి 1672 వరకు పాలించాడు. ఈ మూడు కొలువులలోనూ తాను ఎన్నెన్ని పదాలు చెప్పినదీ క్షేత్రయ్య ఒక పదంలోనే లెక్క చెప్పుకొన్నాడు. దేవగాంధారి రాగంలోని ఆ రచన మేరువ పదమని ప్రసిద్ధి. దాని ప్రకారం మధురలో రెండు వేలు, తంజావూరులో వేయి, గోల్కొండలో నలభై దినాలలో పదిహేను వందల పదాలు. మొత్తం నాలుగు వేల అయిదు వందలు.

ఈ సంఖ్యలను ఉన్నవి ఉన్నట్లు గ్రహించాలా, కవి సగర్వంగా పలికిన మాటగా గ్రహించాలా అనేది ఆలోచించదగిన విషయం. నలభై దినాలలో పదిహేను వందలంటే దినానికి ముప్పై ఏడుకు మించి పదాలు చెప్పాలి. అంత వేగం సాధ్యమా అనే సందేహం సహజం. అయితే ఆ లెక్కను నమ్మినా నమ్మకపోయినా, అది ఒక సత్యాన్ని తెలుపుతున్నది. క్షేత్రయ్య తన రచనను పనిగా భావించాడు. ఎక్కడ ఎంత పని చేసినదీ లెక్క ఉంచుకున్నాడు. ఒక ప్రభువు పంచన చేరి, అతనికి ఒక మహాకావ్యం అంకితమిచ్చి, ఆ ఫలంతో జీవితం గడపడం నాటి కవులకు పరిపాటి. క్షేత్రయ్య ఆ దారిని పోలేదు. అతని రచన ఒక్కొక్క పదంగా పుట్టింది. ఒక్కొక్క సభలో నిలిచింది.

పదానికి రచయిత పేరుగా నిలిచేది ముద్ర. క్షేత్రయ్య పదాలలో మువ్వగోపాల అనే ముద్ర కనిపిస్తుంది. విజయరాఘవుని పేర చెప్పిన పంచరత్నాల వంటివి కొన్ని ఉన్నా, అవి మినహాయింపులు. కొలువులు మారాయి, ప్రభువులు మారారు, సన్మానాలు మారాయి. ముద్ర మాత్రం మారలేదు. రాజు ఎదుట పాడినా పదంలోని నాయకుడు రాజు కాడు, మువ్వగోపాలుడు. ధనమిచ్చినవాని పేరుకు బదులు తన ఊరి దేవుని పేరు ప్రతి రచనలోనూ నిలుపుకోవడంలోనే క్షేత్రయ్య స్వాతంత్ర్యం ఉన్నది.

ఇన్ని పదాలు ఒకే వస్తువు మీద చెప్పడం ఎలా సాధ్యమయింది? దీనికి సమాధానం అతని రచనావిధానంలో ఉన్నది. క్షేత్రయ్య కథ చెప్పడు. ఒక స్త్రీ జీవితంలోని ఒక్క ఘడియను మాత్రమే తీసుకొంటాడు. రావలసినవాడు రాని రాత్రి, వేరొకచోట గడిపి తెల్లవారి వచ్చిన ఉదయం, కోపించి పంపివేసిన తరువాత కలిగే పశ్చాత్తాపం, చెలికత్తెతో చెప్పుకొనే రహస్యం, ఇటువంటి ఘడియ ఒకటి చాలు. అలంకార శాస్త్రం వాసకసజ్జ, విరహోత్కంఠిత, ఖండిత, కలహాంతరిత మొదలుగా ఎనిమిది విధాల నాయికలను చెప్పింది. స్వీయ, పరకీయ, సామాన్య అనే విభాగం వేరుగా ఉన్నది. శాస్త్రంలో ఇవి పేర్లు మాత్రమే. క్షేత్రయ్య ఒక్కొక్క పేరుకు ఒక కంఠస్వరాన్నీ, ఒక స్వభావాన్నీ, ఒక సందర్భాన్నీ కల్పించాడు. పాత్రలు అవే: నాయిక, చెలి, మువ్వగోపాలుడు. మారేది మనస్సు. మనస్సు క్షణానికొక తీరుగా మారుతుంది గనుక పదాలకు కొరత కలగలేదు.

భాష విషయంలోనూ అతని పద్ధతి విలక్షణమైనది. ప్రబంధకవులు దీర్ఘసమాసాలతో శృంగారాన్ని వర్ణించారు. క్షేత్రయ్య నాయిక ఇంటిలో మాట్లాడుకునే తెలుగులో మాట్లాడుతుంది. ఆమె నిష్ఠూరం, ఎత్తిపొడుపు, ముద్దు, బెదిరింపు అన్నీ జీవద్భాషలోనివే. పదాన్ని చదివినప్పుడు ఎవరో పక్కగదిలో మాట్లాడుతూ ఉంటే విన్నట్లు ఉంటుంది. ఎక్కువ పదాలు త్రిపుట తాళంలో, విలంబ కాలంలో నడుస్తాయి. ముఖారి, కాంభోజి, ఆనందభైరవి, నీలాంబరి, ఘంట వంటి రాగాలను భావానికి అనుగుణంగా ఎన్నుకొన్నాడు.

పదానికి పల్లవి, అనుపల్లవి, చరణాలు అవయవాలు. ప్రతి చరణం తరువాత పల్లవి తిరిగి వస్తుంది. అదే మాట మొదటిసారి ఆక్షేపణగా వినిపిస్తే, రెండవసారి వేదనగా, చివరిసారి అనురాగంగా వినిపించవచ్చు. పదకర్త మాటలను తక్కువగా వాడి, మిగిలిన అర్థాన్ని అభినయించే నర్తకికి వదలివేస్తాడు. ఒకే పంక్తికి ఆమె పలువిధాల భావాలను ప్రదర్శిస్తుంది. కనుక పదం కవి ఒక్కని రచన కాదు. పాడే గొంతు, ఆడే కన్ను కలిసినప్పుడే అది పూర్తవుతుంది.

ఈ విషయాన్ని స్పష్టం చేసే కథ ఒకటి సంప్రదాయంలో ప్రచారంలో ఉన్నది. తంజావూరు కొలువు కవులతో నిండినది. విజయరాఘవుడు స్వయంగా కవి. రంగాజమ్మ వంటి విదుషీమణులు ఆ సభలో ఉండేవారు. దేశాంతరం నుండి వచ్చిన క్షేత్రయ్యకు ప్రభువు అధికంగా సన్మానం చేస్తున్నాడని కొందరు కవులు కినుక వహించారట. అది తెలిసిన క్షేత్రయ్య కాంభోజి రాగంలో ఒక పదం చెప్పి, చివరి చరణంలో కొంత భాగాన్ని పూరించకుండా విడిచి, తాను యాత్ర చేసి వచ్చేలోగా దానిని పూర్తి చేయవలసినదిగా వారిని కోరాడు. నెలలు గడిచాయి. వ్యాకరణం తెలిసినవారు, ఛందస్సు తెలిసినవారు ప్రయత్నించారు. ఒక్కరికీ సరిపడలేదు. తిరిగి వచ్చిన క్షేత్రయ్య తానే దానిని పూరించాడు. ఈ కథ జరిగినదో, కల్పించినదో నిర్ణయించలేము. కాని దీనిని చెప్పుకొంటూ వచ్చినవారు గ్రహించిన విషయం గొప్పది. కోపించిన స్త్రీ మాటను పూర్తి చేయడానికి పాండిత్యం చాలదు. ఆ కోపం వెనుక ఉన్న ప్రేమ తెలియాలి.

నాలుగు వేల అయిదు వందల పదాలలో నేడు మనకు లభిస్తున్నవి మూడు వందలకు కొంచెం పైగా మాత్రమే. అంటే పదింట ఒక వంతు కూడా మిగలలేదు. దీనికి కారణం తెలియాలంటే అన్నమాచార్యులతో పోల్చి చూడాలి. 1408 నుండి 1503 వరకు జీవించిన అన్నమయ్య ముప్పై రెండు వేల సంకీర్తనలు రచించాడని ప్రసిద్ధి. వాటిలో పన్నెండు వేలకు పైగా రాగిరేకుల మీద చెక్కబడి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రంగా నిలిచాయి. అతని వెనుక ఒక ఆలయం ఉన్నది. తండ్రి రచనలను కాపాడే కుమారులు, మనుమలు ఉన్నారు. క్షేత్రయ్యకు రాగిరేకులు లేవు, భాండాగారం లేదు. ఊరూరా తిరిగిన రచయిత తన రచనలను విన్నవారి వద్దనే విడిచి వెళ్లాడు.

విన్నవారిలో వాటిని కాపాడినవారు ప్రధానంగా దేవదాసీలు, రాజనర్తకులు. పదం వారికి విద్య, వృత్తి, ఆస్తి. తల్లి కూతురికి నగలతోపాటు పదాలను కూడా అప్పగించింది. తంజావూరు సంప్రదాయానికి చెందిన వీణ ధనమ్మాళ్ కుటుంబం పదగానానికి పేరుపొందింది. ధనమ్మాళ్ 1867 నుండి 1938 వరకు జీవించారు. ఆమె మనుమరాండ్రు బృంద, ముక్త పదాలను గానం చేయగా, అదే కుటుంబానికి చెందిన నర్తకి బాలసరస్వతి వాటిని అభినయించి ప్రపంచానికి పరిచయం చేశారు. కృష్ణా తీరపు తెలుగును తమిళదేశపు గొంతులు తరతరాలుగా మోసుకొని వచ్చాయి. తెలుగువారు ఈ ఋణాన్ని మరువరాదు. తెలుగునాట గోదావరి మండలంలోని కళావంతుల మేళాలలోనూ పదాభినయం నిలిచింది.

అయితే పందొమ్మిదవ శతాబ్ది చివర నుండి నాట్యమేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం సాగింది. ఆ వ్యవస్థలో స్త్రీకి జరిగిన అన్యాయాన్ని తొలగించాలనే ఆశయంతో 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ చట్టం వచ్చింది. సంస్కరణ అవసరమైనదే. కాని ఆ క్రమంలో వారు కాపాడిన కళకూ మచ్చ అంటింది. శృంగార రచన అనగానే నీచమైనదనే భావం పెరిగింది. తంజావూరు కవయిత్రి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రచురించగా, ప్రభుత్వం ఆ గ్రంథాన్ని నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. క్షేత్రయ్య పదాలకు నిషేధం కలగలేదు గాని, పాడేవారు తగ్గారు. పాడని పదం మరుపున పడిపోయింది. సుబ్బరామ దీక్షితులు 1904లో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో కొన్ని పదాలను స్వరపరచి ఉంచారు. తరువాత విస్సా అప్పారావు, గిడుగు సీతాపతి వంటి పండితులు పదాలను సేకరించి ముద్రించారు. లేకుంటే మిగిలినవి కూడా దక్కేవి కావు.

ఇరవయ్యవ శతాబ్దిలో రాజుల కొలువులు అంతరించాయి. ప్రణయ రచయితకు కొత్త కొలువు ఏర్పడింది. అది పత్రిక. స్త్రీవిద్య వ్యాపించడంతో 1950 తరువాత తెలుగుదేశంలో చదివే స్త్రీల సంఖ్య పెరిగింది. వారపత్రికలు, మాసపత్రికలు ధారావాహిక నవలలను ప్రచురించసాగాయి. కోడూరి కౌసల్యాదేవి రచించిన చక్రభ్రమణం నవల 1964లో డాక్టర్ చక్రవర్తి పేరుతో చలనచిత్రంగా రూపొందింది. అప్పటినుండి రచయిత్రుల నవలలకు గిరాకీ పెరిగింది. స్త్రీల పేర్లకు గల ఆదరణను చూసి కొందరు పురుషులు సైతం స్త్రీల పేర్లతో రచనలు చేశారు.

ఈ యుగానికి ప్రతినిధిగా చెప్పదగినవారు సులోచనారాణి. కాజ గ్రామంలో 1940లో జన్మించిన ఆమె, వివాహానంతరం హైదరాబాదులో స్థిరపడ్డారు. కథలతో రచన ప్రారంభించి, 1960ల మధ్యకాలంలో జ్యోతి మాసపత్రికలో వెలువడిన సెక్రటరీ నవలతో పాఠకలోకాన్ని ఆకట్టుకున్నారు. ఉద్యోగం చేసి తన కాళ్ల మీద తాను నిలబడదలచిన జయంతి, సంపన్నుడైన రాజశేఖరం ఇందులోని నాయికానాయకులు. నాయకుడు ధనవంతుడు, నాయిక పేదది అనే ఇతివృత్తం కొత్తది కాదు. ఆ ధనానికి తలవంచని ఆత్మాభిమానం నాయికకు ఇవ్వడం పాఠకురాండ్రను ఆకర్షించింది. మధ్యతరగతి ఇంటిలో వంట ముగించుకొని పత్రిక చేతపట్టిన గృహిణికి, కళాశాలకు వెళ్లే బాలికకు జయంతిలో తమ మనస్సు కనిపించింది.

ధారావాహిక రచనకు ఒక క్రమశిక్షణ ఉన్నది. నవల మొత్తం పూర్తయ్యేవరకు పాఠకుడు ఆగడు. ప్రతి సంచికకూ నిర్ణీతమైన పుటలు అందాలి. ఇంట్లో పండుగ వచ్చినా, జ్వరం వచ్చినా సంచిక ఆగదు. ప్రతి భాగమూ కొంత తృప్తినివ్వాలి. తరువాతి భాగం కోసం ఎదురుచూపును మిగల్చాలి. ముద్రించిన భాగాన్ని మార్చే అవకాశం లేదు. పాఠకుల ఉత్తరాలు కథ నడుస్తూ ఉండగానే వస్తాయి. క్షేత్రయ్య సభలో ఎదుట కూర్చున్న శ్రోతల ముఖాలను చూసినట్లు, ధారావాహిక రచయిత్రి ఉత్తరాలలో పాఠకుల ముఖాలను చూస్తుంది. ఇంటిపని, పిల్లల పెంపకం చూసుకొంటూ ఈ గడువులను పాటించిన ఆనాటి రచయిత్రుల శ్రమ సామాన్యమైనది కాదు.

పత్రికలో ముగిసిన నవల పుస్తకరూపం ధరించేది. మచిలీపట్నానికి చెందిన ఎం. శేషాచలం అండ్ కంపెనీ ఎమెస్కో పేరుతో తక్కువ వెలకు పాకెట్ పుస్తకాలను అందించి, ఇంటింటికీ నవలను చేర్చింది. విజయవాడ ప్రచురణ సంస్థలు ఈ వ్యాప్తికి తోడ్పడ్డాయి. కొనలేనివారికి ఊరి కూడలిలోని అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. రోజుకు కొద్ది పైసలు చెల్లించి తెచ్చిన పుస్తకాన్ని ఒక్క రాత్రిలో ఇంటిల్లిపాదీ చదివి ఇచ్చివేసేవారు. అట్టలు ఊడి, అంచులు నలిగిన ఆ ప్రతులే రచయిత్రి పొందిన ఆదరణకు గుర్తులు. అయితే అద్దె పుస్తకం ఎందరు చదివినా రచయిత్రికి చేరేది మొదటి ప్రతి మీద వచ్చిన ప్రతిఫలమే. ఆ లోటును కొంతవరకు పూరించినది చలనచిత్రం. సులోచనారాణి రచనల ఆధారంగా మీనా, జీవన తరంగాలు చిత్రాలు 1973లోను, సెక్రటరీ 1976లోను విడుదలయ్యాయి. క్షేత్రయ్య జీవితం ఇతివృత్తంగా మహాకవి క్షేత్రయ్య చిత్రం వెలువడినదీ 1976లోనే. ఒకే మండలానికి చెందిన ఇద్దరు ప్రణయ రచయితలు ఒకే సంవత్సరంలో వెండితెరకు ఎక్కడం విశేషం.

ఈ నవలలు పాఠకులను ఊహాలోకంలో విహరింపజేస్తాయనీ, జీవిత సమస్యలను విస్మరిస్తాయనీ విమర్శకులు ఆక్షేపించారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. పెద్ద భవంతి, పెద్ద కారు గల నాయకుడు అందరి జీవితాలలోనూ రాడు. పెండ్లితో సమస్యలన్నీ తీరిపోవు. కాని ఆ నవలలను చదివిన స్త్రీలకు అది తెలియదని భావించడం సరికాదు. తన ఇష్టాయిష్టాలను ఎవరూ అడగని ఇంటిలో ఉన్న యువతికి, తన ఇష్టాన్ని చెప్పగలిగిన నాయికను చూడటం ఒక అనుభవం. ఆ నవలల కోసం చదవడం అలవాటు చేసుకొని, తరువాత ఇతర గ్రంథాలకు సాగినవారు ఎందరో ఉన్నారు.

సులోచనారాణి 2018 మే నెలలో అమెరికాలో మరణించారు. అప్పటికి వారపత్రికల వైభవం తగ్గింది. అద్దె పుస్తకాల దుకాణాలు చాలావరకు మూతపడ్డాయి. ప్రణయ రచన మాత్రం ఆగలేదు. 2014లో ఆరంభమైన ప్రతిలిపి వంటి వేదికలలో తెలుగు రచయిత్రులు సెల్‌ఫోను మీదనే ధారావాహికలు రాస్తున్నారు. సంపాదకుడు లేడు, ప్రచురణకర్త లేడు. పాఠకులు నేరుగా ఎదుట ఉన్నారు. స్వేచ్ఛ పెరిగింది. దానితోపాటు పాత ప్రశ్న కూడా మళ్లీ వచ్చింది. ఈ రచనలను రేపు ఎవరు కాపాడతారు?

క్షేత్రయ్య చరిత్ర దీనికి ఒక సమాధానం సూచిస్తున్నది. ముగ్గురు ప్రభువులు అతనిని సన్మానించారు. ఆ రాజ్యాలు నేడు లేవు. మిగిలిన మూడు వందల పైచిలుకు పదాలను నిలిపినవి ప్రధానంగా సింహాసనాలు కావు. ఉదయాన తంబురా శ్రుతి చేసి కూతురిని ఎదుట కూర్చుండబెట్టుకొన్న తల్లులు. తన రచనను ఎవరైనా తమ సొంతమని భావించి చేతులలోకి తీసుకొన్నప్పుడే అది బ్రతుకుతుంది. ఆ విధంగా చూస్తే తల్లి నేర్పిన పదం, ఇంటిల్లిపాదీ చదివి నలిపిన నవల ఒకే కోవకు చెందినవి.

కఠిన పదాలకు అర్థాలు

పదం : శృంగార ప్రధానమై, గానానికి, అభినయానికి అనువైన గేయరచన
ముద్ర : రచనలో కర్తను గుర్తించడానికి వాడే పేరు
ఖండిత : వేరొక స్త్రీ వద్ద గడిపి వచ్చిన నాయకుని చూసి కోపించే నాయిక
కలహాంతరిత : నాయకుని తిరస్కరించి, తరువాత పశ్చాత్తాపపడే నాయిక
వాసకసజ్జ : నాయకుని రాకకై అలంకరించుకొని ఎదురుచూసే నాయిక
విలంబ కాలం : నెమ్మదైన నడక
కినుక : కోపం, అలక
భాండాగారం : విలువైన వస్తువులను భద్రపరచే చోటు
ధారావాహిక : పత్రికలో భాగాలుగా వరుసగా వెలువడే రచన

ప్రశ్నలు

అ. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. క్షేత్రయ్య రచనావిధానాన్ని వివరించండి.
2. క్షేత్రయ్య పదాలలో అధికభాగం లభించకపోవడానికి కారణాలను అన్నమయ్య సంకీర్తనలతో పోల్చి తెలపండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తంజావూరు కొలువులో అసంపూర్ణ పదాన్ని గురించిన కథలోని అంతరార్థం ఏమిటి?
2. ధారావాహిక నవలా రచనలోని క్రమశిక్షణను తెలపండి.
3. ప్రణయ నవలలపై వచ్చిన విమర్శను, దానికి గల సమాధానాన్ని సమీక్షించండి.

ఇ. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్యంలో సమాధానాలు రాయండి.
1. మేరువ పదం ఏ రాగంలోనిది?
2. సెక్రటరీ నవల మొదట ఏ పత్రికలో వెలువడింది?
3. రాధికాసాంత్వనాన్ని 1910లో ప్రచురించినది ఎవరు?

ఈ. ప్రాజెక్టు పని
మీ ఇంటిలోగాని, మీ ఊరిలోగాని పెద్దలకు నోటికి వచ్చిన పాత పాటలను అడిగి తెలుసుకోండి. వారు వాటిని ఎవరి వద్ద నేర్చుకున్నదీ కూడా రాసి తరగతిలో వినిపించండి.